గొంగడి కప్పుకున్న పురుగు

సోమమ్మ చెయ్యి మంచిదని ఊరంతా అనేది. మంచిదంటే అన్ని పనులకూ కాదు లెండి. అదే చెయ్యి పులుసులో ఉప్పు వేసిందంటే నోట్లో పెట్టుకోలేం. ఆమె మొగుడు గుర్వయ్యను అడిగితే పెళ్లయిన నాటి నుంచి తాగిన పులుసుల కథంతా విప్పుతాడు. కానీ పొదుగుకు వచ్చిన కోడి కింద గుడ్లు పెట్టాలంటే మాత్రం ఆ ఊళ్లో ఇంకో చెయ్యి పనికిరాదు. గొల్లవాడ నుంచి మగ్గాలవాడ దాకా ఎవరింట్లో కోడి ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చున్నా, ముందు సోమమ్మకే కబురు పోవాలి. ఆమెకు దాని మీద గర్వం కూడా ఉంది. ఉంటే తప్పేముంది? చదువుకోలేదు, మేకల మందా గొర్రెల మందా మొగుడి పేరు మీదే ఉన్నాయి. తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ చెయ్యి ఒక్కటే.

ఆ పనికో పద్ధతి ఉంది. గంపలో ఊక పోసి, నడుమ చేత్తో గుంట చేసి, గుడ్లను ఒక్కొక్కటే చెవి దగ్గర ఆడించి చూసి పేర్చాలి. అంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు సంగతి వేరే ఉంది. కిందటిసారి ఏ గంపలో కోడిని పండబెట్టిందో ఆ గంపలోంచి గుప్పెడు ఊక కొంగున ముడి వేసుకొచ్చి కొత్త గంపలో చల్లాలి. ఒక గంప చలువ ఇంకో గంపకు అందాలట. రెండోది, గుడ్లు పెట్టిన చెయ్యి తన ఇల్లు చేరేదాకా కడగకూడదు. కడిగితే గుడ్లు మురిగిపోతాయట. తన వాకిట్లో నీళ్ల గోలెం దగ్గరికి వచ్చాకే కాళ్లూ చేతులూ శుభ్రంగా కడుక్కుని లోపలికి పోవాలి. ఇదంతా అత్త నేర్పింది. ఎందుకని సోమమ్మ ఏనాడూ అడగలేదు. ఆ అత్తను ఎందుకని అడిగి నిలిచిన కోడలు ఆ ఇంట్లో లేదు.

ఆ ఏడు ముత్యాలమ్మ బోనాలు అయిపోయి, వాన పట్టిన రోజుల్లో, మగ్గాలవాడ నుంచి సావిత్రమ్మ పిలిచింది. సావిత్రమ్మ మొగుడు ధర్మయ్య. వాడలో సగం మంది మగ్గాలు విప్పేసి పట్నం పనులకు పోయినా, ఆయన మాత్రం పోచంపల్లి నుంచి నూలు తెచ్చుకుని ఇంకా నేస్తున్నాడు. సోమమ్మకూ సావిత్రమ్మకూ వావి లేకపోయినా వదినె వరస. ఈ ఇంటి మజ్జిగ ఆ ఇంటికి, ఆ ఇంటి చింతతొక్కు ఈ ఇంటికి పోని వారం ఉండదు. సోమమ్మ తన ఇంట్లో అంతకుముందే పిల్లలు లేచిన గంపలోంచి గుప్పెడు ఊక తీసుకుని వెళ్లి, సావిత్రమ్మ కోడిని పండబెట్టింది.

అప్పటికి సోమమ్మ కోళ్లకు కొంచెం జలుబు చేసింది. ముక్కు చీదుతున్నాయి. రెండింటికి గదువ కింద వేలాడే ఎర్ర తోలు వాచింది. వానాకాలం కదా, చేస్తుంది అనుకుంది.

అదే పూట అటు నుంచి అటే రమ్మని నిరోష పిలిచింది. నిరోష ఆటో నడిపే విజేందర్ పెళ్లాం, ఊరికి కొత్తగా వచ్చిన పిల్ల. పుట్టింటి నుంచి తల్లి పంపిన పెట్ట మొదటిసారి పొదుగుకు వచ్చిందని ఆ పిల్ల సంబరం ఇంతా అంతా కాదు, ఫోన్లో ఫొటోలు తీసి తల్లికి పంపింది. సోమమ్మ సావిత్రమ్మ గంపలోంచి తెచ్చిన గుప్పెడు ఊక ఆ గంపలో చల్లి, గుడ్లు పేర్చి, ఇంటికొచ్చి గోలెం దగ్గర చేతులు కడుక్కుంది. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి.

మూడోనాడు పొద్దున్నే సావిత్రమ్మ వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో చచ్చిన కోడి, కాళ్లు పట్టుకుని తలకిందులుగా.

"సూడు వదినె, సూడు. రాత్రి గింజలు తిని పండినయ్. పొద్దున లేస్తె ఒక్కటి తప్ప అన్ని గిట్లనే పడున్నయ్."

కోడి జుట్టు వంకాయ రంగుకు తిరిగింది. సోమమ్మ వంగి చూసింది. "అయ్యో రామ! కొక్కెర రోగమా ఏంది?"

"నాకేమెర్క? నువ్వే చెప్పాలె." సావిత్రమ్మ చూపు పక్కకు తిరిగింది. పక్కన సోమమ్మ కోళ్లు ముక్కు చీదుకుంటూనే పేడకుప్ప గీరుకుంటున్నాయి. "నీ కోళ్లకు సుతం రోగమున్నది గద. ముక్కులు కారుతున్నయ్. రోగమున్న ఇంటి ఊక తెచ్చి నా గంపల వోసినవ్. మరి నీయి మంచిగ తిరుగుతున్నయ్, నాయెట్ల సచ్చినయ్?"

"గదేం మాట వదినె?"

"ఉన్న మాటే. ఏం జేసినవో ఏమో, నీ చేతులున్నదేందో ఏమో."

కోడిని అక్కడే పారేసి వెళ్లిపోయింది. ఇన్నేళ్ల వదినె వరస, ఇన్ని కుండల మజ్జిగ, ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి. సోమమ్మ గడప మీద కూలబడింది. గుర్వయ్య గొర్రెలను విప్పబోతూ ఆగి, "పోనియ్యే, కోపంల అన్నది," అన్నాడు. మర్నాడు నిరోష ఇంట్లో పొదుగు మీదున్న పెట్ట కూడా గంపలోనే చచ్చింది.

ఊరు నోరు ఎంతసేపు ఊరుకుంటుంది? నల్లా దగ్గర బిందె పెట్టగానే మాటలు ఆగిపోయేవి. కోడిని పండబెట్టడానికి రమ్మని అంతకుముందే చెప్పిన యాదయ్య కోడలు, తానే గుడ్లు పెట్టుకుంది. పెట్టుకున్నందుకు కాదు, ఎదురుపడినప్పుడు చేతులు కొంగులో దాచుకుని తప్పుకుపోయినందుకు సోమమ్మకు కడుపు మండింది. ఇంటికొచ్చి గిన్నెలన్నీ ధడాధడా పారేసింది. తర్వాత కూర్చుని ఏడ్చింది. ఊరి మాటలకు కాదు ఆ ఏడుపు. సావిత్రమ్మ అన్నది నిజమేనేమోనన్న భయం పట్టుకుంది. తన ఇంటి ఊకే కదా ఆ గంపలో పడింది. తన కోళ్లకే కదా ముందు రోగం వచ్చింది. కుడిచెయ్యి ఎత్తి వెనకా ముందూ తిప్పి చూసుకుంది. ఎప్పుడూ ఉన్న చెయ్యే. చెడిపోయిన చెయ్యి చూడటానికి ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?

కోళ్ల రోగం సంగతి విజేందర్ మండలం పశువుల దవాఖానలో చెబితే, వాళ్లు నల్లగొండలో రోగాలు పరీక్షించే ల్యాబుకు చెప్పారు. అక్కడి నుంచి సంధ్య అనే డాక్టరమ్మ స్కూటీ మీద వచ్చింది. చిన్న పిల్ల, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ. చచ్చిన కోళ్లను ఇమ్మంటే ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. కోడి తూగుతోందంటే చచ్చేలోపే కోసి కూర వండటం తప్ప, ఎవరికైనా ఇచ్చే అలవాటు అక్కడ లేదు. అదృష్టం, ఆ పొద్దున సావిత్రమ్మ ఇంట్లో మిగిలిన ఒక్క పెట్ట కూడా పోయింది, నిరోష ఇంట్లో పుంజు పోయింది. రెండూ ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. సంధ్య రెండింటినీ సంచుల్లో వేర్వేరుగా కట్టుకుంది. తర్వాత సోమమ్మ ఇంటికొచ్చి, బతికున్న కోళ్ల నోళ్లు తెరిచి దూది పుల్లలతో గొంతులు తుడిచి తీసుకుంది.

వెళ్లబోతుంటే సోమమ్మ తన కుడిచెయ్యి చాపింది.

"బిడ్డా, గిది సుతం జర పరీక్ష చెయ్యి."

"చెయ్యి ఎందుకవ్వా?"

"దీంట్ల ఏమన్న ఉన్నదేమో. ఊరంత గదే అంటుంది."

వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె కిసుక్కుమంది. సంధ్య నవ్వలేదు. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. "చెయ్యిల ఏముండదవ్వా. ఏమున్నా ఆ కోళ్లల్ల ఉంటది. నేను చూసి చెప్త. అప్పటిదాక ఎవరి కోళ్లు వాళ్ల ఇంట్లనే ఉంచుకోండ్రి. సచ్చినయి గుంత తీసి సున్నం పోసి పూడ్చండ్రి," అని, నీళ్లలో కలిపే మందు ఇంటింటికీ ఇచ్చి వెళ్లింది.

ఫోన్ చేస్తానంది కానీ సోమమ్మకు ఆగబుద్ధి కాలేదు. వారం తిరక్కముందే గుర్వయ్యను బతిమాలి, గొర్రెలను పక్కింటి ఎల్లస్వామి మందలో కలిపించి, నల్లగొండ బస్సెక్కింది. గుర్వయ్య గొంగడి భుజాన వేసుకునే వచ్చాడు. ల్యాబు బయట వాచ్‌మన్ దాన్ని చూసి లోపలికి వద్దంటే, "నేనన్న బయట ఉంట గాని గొంగడిని ఇడువ," అని పట్టుబట్టాడు. చివరికి సంధ్యే వచ్చి ఇద్దరినీ గొంగడితో సహా గది గుమ్మం దాకా తీసుకెళ్లింది.

అద్దాల బీరువా లోపల చిన్న చిన్న గాజు మూతల్లో, కోళ్లలోంచి తీసిందేదో పెంచారు. సంధ్య ఇటువైపు నుంచే చూపించింది. ఒక దాంట్లో చుక్కలు పెద్దవిగా, గంజి చుక్కల్లాగా జిగటగా మెరుస్తున్నాయి. పక్కదాంట్లో చుక్కలు చిన్నవి, మసక మసకగా ఉన్నాయి.

"ఈ మెరిసేది సావిత్రమ్మగారి కోడిది. నిరోష వాళ్ల కోడిల సుతం అచ్చం ఇదే ఉన్నది. ఈ మసకది మీ కోళ్లదవ్వా."

సోమమ్మ అద్దానికి దగ్గరగా జరిగింది. వేరు వేరు అని కళ్లకే కనిపిస్తోంది.

"జాతి ఒకటే, పురుగు ఒకటే," అంది సంధ్య. "కాని ఇటు చూడండ్రి." పక్కనున్న కంప్యూటర్ తెర మీద ఒక బొమ్మ పెట్టింది. నల్లటి సిరా పరిచినట్టుంది. అందులో సన్నటి గింజల్లాంటివి, ఒక్కో గింజ చుట్టూ తెల్లగా వెడల్పాటి అంచు. "గింజల్లాంటివే పురుగులు. చుట్టూ తెల్లగ ఉన్నది వాటి మీది పొర. కోడి ఒంట్ల కాపలాగాళ్లుంటరు, నెత్తుర్ల తిరుగుతుంటరు, పరాయి పురుగు కనబడితే పట్టుకొని మింగుతరు. ఈ పొర ఉంటే వాళ్లకు పట్టు దొరకదు. ఇగ పురుగు నెత్తుర్ల బడి ఒక్క రాత్రిల ఒళ్లంత నిండుతది. పొద్దుటికి కోడి సస్తది."

ఇంకో బొమ్మ పెట్టింది. అవే గింజలు. చుట్టూ తెల్ల అంచు లేదు.

"ఇది మీ ఇంటిది. దీనికి పొర లేదు. ఒంట్లకు పోంగనే దొరికిపోతది. అందుకే ముక్కు కారింది, గదువ వాచింది, మందు వెయ్యంగనే తగ్గింది."

గుర్వయ్య అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. ఒక్కసారి తొడ చరిచాడు.

"అంటె ఆ ముందటోడు గొంగడి కప్పుకున్నోడన్నట్టు! ఎంత వాన గొట్టినా నా ఒంటికి తగుల్తదా? పైన్నుంచే పోతది. మనింటోడు గొంగడి లేకుండ వానల బడ్డడు."

"అంతే తాతా, మస్తు చెప్పినవ్," అంది సంధ్య. ఇంకెవరికి చెప్పినా అదే మాట చెబుతానంది.

సోమమ్మ నవ్వలేదు. ఆమె బుర్రలో ఇంకో ప్రశ్న తిరుగుతోంది. "బిడ్డా, నా ఇంటి పురుగు ఆడికి పోయినంక గొంగడి కప్పుకున్నదేమో?"

సంధ్య తెర మీంచి ఆమె వైపు తిరిగింది. "మంచిగ అడిగినవవ్వా. మేము సుతం గదే చూసినం. ఆ పొర తయారు జేసుకునే తెలివే నీ ఇంటి పురుగుల లేదు, ఎప్పుడో పోగొట్టుకున్నది. లేనిది మల్ల రాదు. సావిత్రమ్మగారి కోళ్లను సంపింది నీ ఇంటిది కాదు. కొత్త కోడెవరన్న తెచ్చిండ్రేమో, బయటి నుంచి వచ్చింది."

సోమమ్మ గోడ పట్టుకుని నేల మీదే కూర్చుంది. "కాదంట," అంది మొగుడి వైపు చూసి. "నాది కాదంట." రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గుర్వయ్య ఏం చెయ్యాలో తోచక గొంగడి కొస ఆమె భుజం మీద వేశాడు.

అక్కడితో లేచి వచ్చేస్తే ఎంత బాగుండేది! కానీ సంధ్య తన పని తాను చేయాలి కదా. నీళ్లిచ్చి, ఆమె తేరుకున్నాక, మెల్లగా అడిగింది.

"అవ్వా, సావిత్రమ్మగారి ఇంట్ల ఉన్నదే నిరోష ఇంట్ల సుతం ఉన్నది. ఆ కోళ్లు ఈ కోళ్లు ఎప్పుడన్న కలిసినయా?"

"ఏడ కలుస్తయ్ బిడ్డా? గది ఆ కొస, గిది ఈ కొస."

"మరి ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి ఎవరన్న ఏమన్న తెచ్చిండ్రా? గింజలు, గంప, ఊక..."

సోమమ్మ గ్లాసు కింద పెట్టింది. కొంగున ముడి వేసిన గుప్పెడు ఊక. గోలెం దాకా కడగని చెయ్యి. తన కోళ్ల దగ్గరికి పోయే ముందు మాత్రం శుభ్రంగా కడుక్కున్న చెయ్యి. మెరిసే చుక్కలు సావిత్రమ్మ ఇంటి నుంచి నిరోష ఇంటికి నడిచి రాలేదు. తానే మోసుకొచ్చింది.

"నేనే," అంది. "నేనే తీస్కపోయిన బిడ్డా." అత్త నేర్పిన పద్ధతంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పింది.

సంధ్య తిట్టలేదు. తిడితేనే బాగుండేదని సోమమ్మకు అనిపించింది. "నీకెట్ల తెలుస్తదవ్వా, కంటికి కనబడేది కాదాయె. ఇగ నుంచి ఊక తేకు. చెయ్యి సబ్బుతోటి కడుగు. కొత్త కోళ్లు తెచ్చినంక నేనొచ్చి సూదులేస్త," అని మాత్రం చెప్పింది.

తిరుగు బస్సులో గుర్వయ్య హుషారుగా ఉన్నాడు. పక్క సీటాయనకు గొంగడి పురుగు కథ సగం చెప్పేశాడు కూడా. సోమమ్మ కిటికీలోంచి తల తిప్పలేదు.

"ఏమే, ఇంక ఫికరేంది? డాక్టరమ్మ నీది కాదన్నది గద. గది చెప్తె సాలు, ఊరి నోరు మూతబడ్తది."

"మరి నిరోష కోడి?"

"గదెవరికి తెల్వది. నువ్వు చెప్పకుంటె ఎవ్వరు చెప్పరు."

"నాకెర్కయింది గదయ్యా!" అని ఆమె అంత గట్టిగా అరిచేసరికి కండక్టర్ వెనక్కి తిరిగి చూశాడు. గొంతు తగ్గించి, "చెప్తె ఇగ ఎవ్వరు పిలువరు. చెప్పకుంటె పిలుస్తరు. పిలిస్తె నేను ఏ చేతులు వెట్టుకొని పోవాలె ఆ పిల్లింటికి?" అంది. గుర్వయ్య గొంగడి సర్దుకున్నాడు. తప్పు మాట అన్నానని తెలిసినప్పుడు ఆయన అలాగే సర్దుకుంటాడు.

బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా నిరోష ఇంటికి పోయింది. ఖాళీ గంప చూరు కింద బోర్లించి ఉంది. ఆ పిల్ల మంచం వేయబోతే వద్దని, నిలబడే చెప్పేసింది. ఊక సంగతి, చేతి సంగతి, రెండు పురుగుల సంగతి. ముందు తనది కాదన్న మాట చెప్పలేదు, మోసుకొచ్చింది తానేనన్న మాటే ముందు చెప్పింది.

నిరోష కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. "మా అమ్మ వంపిన కోడి పెద్దమ్మా," అంది. అంతే అంది. సోమమ్మకు అక్కడే భూమిలోకి పోదామనిపించింది.

"నా ఇంట్ల పెట్టలున్నయ్. ఇప్పుడియ్య, రోగమున్నయి. డాక్టరమ్మ మంచిగున్నయని చెప్పినంక నీకు నచ్చింది పట్టుకపో. మీ అమ్మ వంపినదైతే కాదు. గది నేను తేలేను బిడ్డా."

నిరోష కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత ఏమనుకుందో ఏమో, సోమమ్మ చెయ్యి పట్టుకుని, "పా పెద్దమ్మా, సావిత్రమ్మ అత్తకు నేను సుతం వచ్చి చెప్త," అంది.

సావిత్రమ్మ ఇంట్లో మగ్గం టకటకలాడుతోంది. సోమమ్మను చూసి సావిత్రమ్మ మొహం ముడుచుకుంది, కానీ నిరోష పక్కనుండటంతో పొమ్మనలేకపోయింది. సోమమ్మ ఇక్కడ కూడా అంతా చెప్పింది. "నీ కోళ్లను సంపింది నా ఇంటి పురుగు గాదు వదినె. కాని నీ ఇంటి నుంచి ఈ పిల్లింటికి తీస్కపోయింది నేనే. గది నా తప్పే."

"మరి నా ఇంటికెట్లొచ్చింది? ఆకాశంల నుంచి పడ్డదా?" అంది సావిత్రమ్మ.

మగ్గం ఆగింది. లోపలి నుంచి ధర్మయ్య గొంతు వినిపించింది. నేసేటప్పుడు పిడుగు పడినా మాట్లాడని మనిషి.

"అంగడి పుంజు సంగతి గూడ చెప్పరాదే."

సావిత్రమ్మ మొహం కందగడ్డలా అయింది. చెప్పక తప్పలేదు. బోనాలకని అంగడిలో తెచ్చిన పుంజు తెచ్చిన నాడే తూగింది. తూగే పుంజును అమ్మవారికి ఇవ్వకూడదు కదా. గుట్టుగా కోసి, కూర వండుకుని, ఈకలు వాకిట్లో గంప పక్కనే పారేసి, వేరే పుంజును తీసుకుని గుడికి పోయింది. తర్వాత కోళ్లన్నీ పడిపోతే అమ్మవారు చూసే కోపం చేసిందేమోనని వణికిపోయింది. అమ్మవారి మీద అనలేదు, తన మీద అనుకోలేదు. మిగిలింది సోమమ్మ.

"నీ మీద వెట్టిన," అంది ఏడుస్తూ. "అందరికంటె నువ్వే దగ్గరున్నవ్, నీ మీదనే వెట్టిన."

సోమమ్మకు తిట్టాలనే ఉంది. నోటి చివర దాకా వచ్చింది కూడా. కానీ తానూ ఇప్పుడే ఒక తప్పు ఒప్పుకుని నిలబడి ఉంది. "తొక్కున్నదా ఇంట్ల? పొద్దటి సంది ఏం తినలే," అంది. సావిత్రమ్మ ఏడుస్తూనే లేచి జాడీ దించింది.

తర్వాత పనులు చకచకా జరిగాయి. నిరోష ఫోన్ పట్టుకుని వాడవాడకూ చెప్పింది. వాకిళ్లకు సున్నం కొట్టారు, పాత ఊకంతా తగలబెట్టారు. సోమమ్మ తన కోళ్లను కొట్టంలోనే కట్టేసి మందు తాగించింది. చలికాలంలో సంధ్య వచ్చి మళ్లీ గొంతులు తుడిచి చూసి, బాగున్నాయని చెప్పి, ఊళ్లో కోళ్లన్నిటికీ సూదులు వేసింది. నిరోష సోమమ్మ కొట్టంలోంచి ఎర్ర పెట్ట ఒకటి ఏరుకుపోయింది. గుర్వయ్య మాత్రం గొర్రెలను తోలుకుపోతూ కనిపించిన ప్రతివాడికీ గొంగడి పురుగు కథ చెప్పాడు. ఆయన చెప్పగా చెప్పగా ఆ పురుగు దుడ్డుకర్ర కూడా పట్టుకుంది.

ఇంతా జరిగినా, కోడిని పండబెట్టమని మాత్రం సోమమ్మను ఎవరూ పిలవలేదు. కోపం లేదు, మాటలున్నాయి, నల్లా దగ్గర జాగా ఇస్తున్నారు. పిలుపు మాత్రం లేదు. నిజం చెప్పినందుకు తగిన శాస్తే అనుకుంది. చెప్పినందుకు చింతించలేదు కానీ, ఎవరింట్లోనైనా పొదుగు కోడి గొంతు వినపడితే కుడిచెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

ఒకరోజు పొద్దున సావిత్రమ్మ వచ్చింది. చాటలో గుడ్లున్నాయి. "కోడి కూసున్నది. రా."

సోమమ్మ చూసింది. "నీకు పెట్టరాదా ఏంది?"

"వస్తది. కాని నా చేతుల మీద నాకు నమ్మకం లేదు. నడువ్."

మగ్గాలవాడలో ఆ వాకిట్లోకి పోయేసరికి నిరోష, యాదయ్య కోడలు, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్లు అప్పటికే నిలబడి ఉన్నారు. గంపలో కొత్త ఊక పోసి ఉంది. సోమమ్మ వంగింది. అలవాటు ఎక్కడికి పోతుంది? చెయ్యి కొంగు ముడి దగ్గరికి పోయింది. అక్కడ ముడి లేదు. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయింది.

సావిత్రమ్మ చెంబుతో నీళ్లు, సబ్బుబిళ్ల తెచ్చి ముందు కూర్చుంది. "పట్టు."

"గుడ్లు మురుగుతయ్ వదినె," అంది సోమమ్మ. అనకూడదనుకుంటూనే అంది. ఎంతైనా అత్త మాట.

"మురిగితె మురగనియ్. పట్టమంటున్న గద!"

సోమమ్మ రెండు చేతులూ చాపింది. సావిత్రమ్మ నీళ్లు పోసింది. సబ్బు రాసి, వేళ్ల సందులు కూడా తానే తోమి, మళ్లీ పోసింది. అందరూ చూస్తుండగా, చంటిపిల్ల చేతులు కడిగినట్టు కడిగింది. తర్వాత తన కొంగుతో తుడవబోయి, నిరోష "అత్తా, కొంగుతోటి కాదు!" అనేసరికి ఉలిక్కిపడి, ఉతికిన తువ్వాలు తెప్పించి తుడిచింది. సోమమ్మ ఊక నడుమ గుంట చేసి, గుడ్లు ఒక్కొక్కటే చెవి దగ్గర ఆడించి పేర్చింది. కోడిని ఎత్తి మెల్లగా కూర్చోబెట్టింది. అది రెక్కలు పరుచుకుని గుడ్లన్నీ పొట్ట కిందికి లాక్కుంది.

పిల్లలు లేచాయి. గంపంతా కీచుకీచుమంటూ ఒక్కటే గోల. ఒక్క గుడ్డు మాత్రం మురిగింది. చూడటానికి వచ్చిన యాదయ్య కోడలు దాన్ని ఎత్తి చూపించి, "కడిగిన చెయ్యి గద మరి," అని ఏదో అనబోయింది.

సావిత్రమ్మ ఆ గుడ్డును గుంజుకుని పేడకుప్ప మీదికి విసిరేసింది. "గది మా ఆయన చెయ్యి వెట్టి కదిలిచ్చిన గుడ్డు. మా సోమ వదినె చేతిది గాదు," అంది. లోపల ధర్మయ్య, తాను ఆ గంప ముట్టుకున్న పాపాన పోకపోయినా, కిక్కురుమనకుండా నేసుకుంటూ కూర్చున్నాడు.